నలుగురు రచయితలకూ ఒకే అమ్మ

మా ఉస్తాద్ తీజానీ కమ్మూన్‌గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఒకరి దగ్గర విన్న మాటను, అది ఎవరన్నారో చెప్పకుండా తిరిగి అనలేరు. "బయట ఎండ మండిపోతోంది" అని మీరూ నేనూ అంటాం. ఉస్తాద్ అయితే, "బయట ఎండ మండిపోతోందని గేటు దగ్గర నాసర్ అన్నాడు, నేను కిటికీ తీసి చూసి ఒప్పుకున్నాను" అంటారు. ఆకలేస్తోందని చెప్పాల్సి వచ్చినా, తన మొహం చూసి ఆ సంగతి ముందుగా కనిపెట్టింది భార్య రఫీకా అని ఒప్పుకుని మరీ భోజనానికి కూర్చుంటారు.

మా సీదీ మర్జూక్ వ్యవసాయ కళాశాల నడిపే ఆలివ్ పరిశోధన పత్రికకు ఆయన సంపాదకులు. నేను ఉపసంపాదకుణ్ణి. అంటే ఆయన రాయమన్న ఉత్తరాలు రాసేవాణ్ణి, ఆ ఉత్తరాలకు జవాబుగా వచ్చే తిట్లు ఆయనకంటే ముందు తినేవాణ్ణి. నా పేరు లస్సాద్. ఆయన మాత్రం ఎవరికి పరిచయం చేసినా, "ఇతను లస్సాద్, ఈ పేరు పెట్టింది వాళ్ల మేనత్త" అంటారు. మా మేనత్త చనిపోయి చాలా కాలమైంది. ఆమె పేరు ఇంకా జనం నోళ్లలో ఆడుతోందంటే అది ఈయన చలవే.

ఒకసారి ఆయన అన్నకొడుకు పెళ్లిలో నలుగురూ చేరి ఏదైనా జోకు చెప్పమన్నారు. ఉస్తాద్ గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. "ఇది నాకు చెప్పింది మంగలి హమ్మాదీ. హమ్మాదీకి చెప్పింది గాబెస్ నుంచి వచ్చిన లారీ డ్రైవరు. ఆ డ్రైవరు పేరు కనుక్కోమని హమ్మాదీకి చెప్పాను, ఇంకా కనుక్కోలేదు. కాబట్టి జోకులో రెండో సగానికి నాది పూచీ కాదు." ఇంతలో గొర్రెమాంసం పళ్లేలు వచ్చేశాయి, జనం అటు లేచిపోయారు. ఆ జోకు ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. అడిగినప్పుడల్లా డ్రైవరు పేరు తెలియనీ అంటారు.

ఇంట్లో అయితే మరీ చిక్కు. అతిథుల ముందు చేప వేసి వండిన గోధుమరవ్వ కుస్‌కుస్ తిని, "చేప జాలరి అమార్ పడవలోది, జీలకర్ర పాళ్లు మా అత్తగారివి, ఎండుద్రాక్ష వెయ్యాలన్నది పక్కింటి మబ్రూకా" అని వరసగా పొగిడేస్తుంటే రఫీకాగారు గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర ఉడికిపోయింది ఎవరో?" అన్నారు.

"అక్కడికే వస్తున్నాను రఫీకా" అన్నారు ఉస్తాద్. "అది ఫలితాల విభాగంలో వస్తుంది."

ఇలాంటి మనిషిని తీసుకెళ్లి పరిశోధన పత్రికకు సంపాదకుణ్ణి చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. మా లోకంలో పేపరు రాసేది ఒకరైతే పైన పేర్లు బోలెడు. హెడ్ పేరు మర్యాద కోసం. హెడ్‌గారి బావమరిది పేరు అతని ప్రమోషన్ కోసం. పక్క గదివాడి పేరు ఎందుకంటే, రేపు వాడు తన పేపరు మీద మన పేరు వేస్తాడు. ఇది తప్పని ఎవరూ అనుకోరు, పెళ్లికి పిలిచినవాళ్లను మనమూ పిలిచినట్టే లెక్క. ఉస్తాద్ ఒక్కరే దీనికి అడ్డం. పేపరు రాగానే పైన పేరున్న ప్రతివాణ్ణీ తన గదికి టీకి పిలుస్తారు. పుదీనా టీలో పైన్ గింజలు వేసి చేతికిచ్చి, చాలా ప్రేమగా, "ఇందులో మీరు చేసిందేమిటి?" అని అడుగుతారు.

ఆలివ్ ఈగల మీద ఒక పేపరొచ్చింది. పేర్లు ఎన్నో ఉన్నాయి, గదిలో కుర్చీలు చాలక నేను కిటికీ గట్టు మీద కూర్చున్నాను. ఒకాయన ఈగల్ని పట్టానన్నాడు, ఒకాయన లెక్కపెట్టానన్నాడు. మూడో ఆయన బాగా ఆలోచించి, తాను నైతిక మద్దతు ఇచ్చానన్నాడు.

"ఎవరికి?" అన్నారు ఉస్తాద్. "ఈగలకా?"

ఆ పేపరు చివరికి ఇద్దరి పేర్లతో అచ్చయింది. తోటలకు జీపు నడిపిన డ్రైవరుకు కింద కృతజ్ఞతలు చేరాయి. నైతిక మద్దతు ఇచ్చినాయన ఆ తరవాత నాతో మాట్లాడడం మానేశాడు. ఉస్తాద్‌తో మాత్రం మాట్లాడేవాడు, ఎందుకంటే ఆయన మీద కోపం తెచ్చుకోవడం ఎవరివల్లా కాదు. తిట్టినా, ఆ తిట్టు బాగుందని మెచ్చుకుని, ఇంకోచోట మన పేరు చెప్పి మరీ వాడతారు.

ఇక అసలు సంగతి. మా కళాశాలలో శాఖాధిపతి ఫర్హాత్‌గారి నుంచి ఒక పేపరొచ్చింది. చెట్టు పైకొమ్మల కాయల నూనెకూ, కింది కొమ్మల కాయల నూనెకూ నిలవలో ఉండే తేడా గురించి. చక్కటి పేపరు. పైన పేర్లు నాలుగు. మొదటిది ఫర్హాత్‌గారిది, తరవాత కైస్, ఖమైస్ అని ఆయన నీడలో బతికే ఇద్దరు లెక్చరర్లు, చివర జుహైర్ అని ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాని కుర్రాడు.

ఉస్తాద్ ఏ పేపరునైనా వెనకనుంచి చదువుతారు. ముందు కృతజ్ఞతలు, తరవాతే మిగతా శాస్త్రం. ఈ పేపరు చివర ఒక వాక్యం ఉంది: 'రెండు కోతల కాలమూ ఎండలో నిచ్చెన పట్టుకుని నిలబడిన తమ తల్లి జుబైదాకు రచయితల కృతజ్ఞతలు.' ఆయన ఆ వాక్యాన్ని మళ్లీ చదివి, కళ్లజోడు తుడుచుకుని, నన్ను టీ పెట్టించమన్నారు.

నలుగురూ వచ్చి కూర్చున్నారు. ఉస్తాద్ గ్లాసులు అందించి, ముందుగా ఫర్హాత్‌గారి వైపు తిరిగారు. పేరుకు ముందు 'సీ' అని చేర్చి పిలవడం మా దగ్గర మర్యాద.

"అమ్మగారు ఎలా ఉన్నారు సీ ఫర్హాత్?"

ఫర్హాత్‌గారి మొహం మెత్తబడింది. "అల్లా దయ చూపాలి, పోయి చాలా ఏళ్లయింది కదా ఉస్తాద్. మీరు జనాజాకి కూడా వచ్చారు."

"వచ్చాను. అందుకే అడుగుతున్నాను. పోయిన కోతలకి నిచ్చెన పట్టుకున్నారని రాశారు."

ఉస్తాద్ కైస్ వైపు తిరిగి వాళ్లమ్మ పేరడిగారు. కైస్ సాల్హా అన్నాడు. ఖమైస్ తన తల్లి పేరు చెప్పడానికి కూడా ఫర్హాత్‌గారి మొహం చూసి, తరవాత చెప్పాడు. జుహైర్ నేల చూస్తూ ఉండిపోయాడు. ఫర్హాత్‌గారు తేరుకుని, అది టైపింగ్ పొరపాటనీ, ఎక్కడిదో వాక్యం ఎక్కడో పడిందనీ అన్నారు. పడితే పడింది, అది ఎవరి తల్లో కనుక్కుని పంపేయమన్నారు ఉస్తాద్, తల్లిని అలా దారిలో వదిలెయ్యకూడదని.

అందరూ వెళ్లాక మెట్ల మీద జుహైర్ మా కోసం కాచుకుని ఉన్నాడు. జుబైదా అంటే దొర్సాఫ్ తల్లి అని చెప్పాడు. దొర్సాఫ్ ఫర్హాత్‌గారి దగ్గర పరిశోధన చేసిన అమ్మాయి. ఉపకారవేతనం అయిపోయాక ఊరికి వెళ్లిపోయి నూనె మిల్లులో పనిచేస్తోంది. వెళ్లేముందు థీసిస్‌లో ఒక అధ్యాయం దిద్దమని గైడు చేతిలో పెట్టింది. గైడుగారు దిద్దారు, పైన పేర్లూ, 'నేను' అన్నచోటల్లా 'రచయితలు' అన్న మాటా మాత్రమే. మొదటి పేరు తనదిగా ఒక పేపరు అచ్చయితే తప్ప ఆ అమ్మాయికి వైవా జరగదు. ఈ పేపరు పోతే ఆమె ఇన్నేళ్ల చదువూ పోయినట్టే.

"ఉస్తాద్, మీ కాళ్లు పట్టుకుంటా" అన్నాడు జుహైర్. "నేను చెప్పానని మాత్రం అనకండి. వచ్చే నెల నా ఉద్యోగం కాగితం హెడ్ టేబుల్ మీదికి వెళ్తోంది."

ఈ మనిషిని పట్టుకుని, ఎవరు చెప్పారో అనకండి అని అడగడమా? ఉస్తాద్ అతని భుజం తట్టి దిగిపోయారు.

మర్నాడు మేమిద్దరం ఆ పల్లెకు బయల్దేరాం. వాళ్ల ఇంటి ముందు ఒక పెద్దావిడ వల మీద పరిచిన ఆలివ్‌ల్లోంచి ఆకులు ఏరుతోంది.

"అమ్మా, నిచ్చెన పట్టుకున్నది మీరేనా?" అన్నారు ఉస్తాద్, సలాం చెప్పీ చెప్పకముందే.

"నేనే. మీరు నిచ్చెనలు అమ్మేవాళ్లా?"

"కాదమ్మా, పత్రికవాళ్లం. మీకు పిల్లలెంతమంది?"

"ఒక్కతే కూతురు."

"కాగితంలో నలుగురు కొడుకులున్నారు. పెద్దాయన రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు."

జుబైదాగారు ఆయన్ని కాసేపు చూసి, నా వైపు తిరిగి, ఈయనకు ఎండ తగిలిందేమో నీళ్లు తేనా అని అడిగింది. నేను మొత్తం విప్పి చెప్పేసరికి ఆవిడ చేతిలోని ఆకులు కింద పారేసి నిలబడింది. రెండేళ్లు నడుం పడిపోయేలా నిచ్చెన పట్టుకుంది తనైతే, పేరు కొట్టెయ్యడానికి వేరెవరో వచ్చారా అంది. తన పేరు పుస్తకంలో పడుతుందని కూతురు చెప్పగా ఊరంతా చెప్పుకుందట. ఇప్పుడు ఊళ్లోవాళ్లకి ఏం మొహం చూపించాలంది.

దొర్సాఫ్ మిల్లు నుంచి వచ్చింది. మమ్మల్ని చూడగానే భయపడిపోయింది. తన నోటినుంచి ఏ ఫిర్యాదూ రాదనీ, మేం వచ్చినట్టు కూడా ఎవరికీ తెలియకూడదనీ బతిమాలింది. "వైవాకి సంతకం పెట్టాల్సింది ఆయనే ఉస్తాద్. నేను నోరు తెరిచానని తెలిస్తే నా థీసిస్ ఆయన బీరువాలోనే ఉండిపోతుంది."

ఉస్తాద్ ఓదార్చలేదు. ఆ పేపరు తీసి, మూడో పటం చూపించి, పైకొమ్మల గీత మధ్యలో ఎందుకు వంగిందని అడిగారు. దొర్సాఫ్ ముందు సన్నగా చెప్పడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆయన చేతిలోని పెన్ను లాక్కుని, గోడ మీద గీతలు గీస్తూ, ఆయన అడగని పటాల గురించి కూడా చెప్పేస్తోంది. భయం ఎటు పోయిందో తెలియదు. జుబైదాగారు సున్నం గోడ పాడైపోతున్నా ఏమీ అనలేదు. నాకు మాత్రం ఫర్హాత్‌గారి మీద మొదటిసారి నిజంగా ఒళ్లు మండింది.

తిరుగు దారిలో ఉస్తాద్‌కు పాఠం చెప్పడం నా వంతయింది.

"ఎవరు చెప్పారని హెడ్ అడుగుతారు. మీరు నోరు జారితే ఇద్దరు మునుగుతారు. గుర్తులేదనండి."

"గుర్తుందిగా."

"ఉన్నా సరే, లేదనండి."

ఆయన కారు పక్కకు ఆపించి, దిగి, కాసేపు గాలి పీల్చుకుని వచ్చారు.

రెండో టీకి నలుగురూ వచ్చారు. ఉస్తాద్ పెద్ద వాదం ఏమీ పెట్టుకోలేదు. పేపరులో ఉన్న ప్రతి వాక్యం తమదేనని రచయితలు సంతకం పెట్టడం మా పత్రిక పద్ధతి. ఆ చివరి వాక్యం కింద వేలు పెట్టి, పేపరు ఫర్హాత్‌గారి ముందుకు జరిపారు.

"ఈ జుబైదాగారు మీ తల్లి అని ఇక్కడ సంతకం పెట్టండి సీ ఫర్హాత్."

ఫర్హాత్‌గారు నవ్వబోయారు. ఆ వాక్యం కొట్టేస్తే సరిపోతుందన్నారు. ఉస్తాద్ తల అడ్డంగా ఊపారు. కోతల కాలమంతా నిచ్చెన పట్టుకున్న మనిషి ఒకరున్నారు, ఆవిణ్ణి కొట్టెయ్యడం తనవల్ల కాదన్నారు. ఆవిడ ఉండాలంటే ఎవరో ఒకరికి తల్లి అయి ఉండాలి. కాబట్టి సంతకం.

ఫర్హాత్‌గారు పెన్ను తీసుకున్నారు. కాగితం దాకా తెచ్చారు. అక్కడ చెయ్యి ఆగిపోయింది. మా ఫర్హాత్‌గారు ఎవరి పేపరు మీదైనా కళ్లు మూసుకుని తన పేరు రాయగలరు. కానీ ఇంకో ఆడమనిషిని తల్లి అని రాసివ్వాల్సి వచ్చేసరికి ఆ పెద్ద మనిషి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మా అమ్మ పేరు మన్నూబియా" అన్నారు.

"తెలుసు" అన్నారు ఉస్తాద్ మెల్లగా. "ఆవిడ పేరు ఎవరైనా తీసేసి ఇంకోటి పెడితే మీరు ఊరుకుంటారా? మరి ఈవిడ బిడ్డ పేరు తీసేశాం కదా."

ఫర్హాత్‌గారు పెన్ను కింద పెట్టి, తన గైడు కూడా తనకు ఇలాగే చేశాడనీ, అప్పుడు తనకూ అడిగెయ్యాలని నోటిదాకా వచ్చిందనీ, మర్యాద అనుకుని మింగేశాననీ చెప్పారు. అంతవరకూ బాగానే ఉంది. అంతలో మళ్లీ హెడ్ అయిపోయి, కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"సరే ఉస్తాద్. ఇది దొర్సాఫ్‌దని మీకు ఎవరు చెప్పారు?"

గదిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు, ఈ ప్రశ్న ఉస్తాద్‌ను ఎప్పుడు అడిగినా జవాబు వస్తుందని. ఇంటిపేరుతో సహా వస్తుంది. జుహైర్ లేచి, ఎవరూ అడగకపోయినా అందరి గ్లాసుల్లోనూ వేడి టీ పోశాడు. నేను కిటికీ బయటికి చూస్తూ అల్లాను తలుచుకున్నాను. ఉస్తాద్ నోరు తెరిచారు. ఆ 'జు' అన్న అక్షరం ఆయన పెదాల దాకా వచ్చినట్టు నాకు కనిపించింది. ఆయన గబగబా టీ తాగారు. నాలుక కాలింది. నుదుటి మీద చెమట తుడుచుకున్నారు.

"గుర్తులేదు" అన్నారు.

"గుర్తులేదా? మీకా?"

"వయసు మీద పడుతోంది సీ ఫర్హాత్."

ఫర్హాత్‌గారు నమ్మేశారు. జోకుకు కూడా పుట్టుపూర్వోత్తరాలు చెప్పే మనిషి అబద్ధం ఆడతారని ఎవరికి మాత్రం తోస్తుంది? పైగా, పాపం డాక్టరుకు చూపించుకోండి అని జాలిపడ్డారు. తరవాత పేర్లు సరిచేశారు. మొదటి పేరు దొర్సాఫ్, రెండోది గాజుగొట్టాల పని నిజంగా చేసిన జుహైర్. ప్రయోగశాల ఇచ్చినందుకు ఫర్హాత్‌గారికి కింద కృతజ్ఞతలు. కైస్‌నూ ఖమైస్‌నూ అడిగితే, తమకు ఎక్కడ ఉన్నా ఫరవాలేదన్నారు, ఎక్కడా ఉండకపోయినా సరే అన్నారు.

ఆ సాయంత్రమే రఫీకాగారి దగ్గర్నుంచి ఫోను. ఆయన అన్నం ముట్టలేదట, దుప్పటి కప్పుకుని పడుకున్నారట. వెళ్లి చూస్తే నిజంగానే ఒళ్లు కాలుతోంది.

"ఆధారం లేని మాట అనేశాను లస్సాద్."

నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఉండబట్టలేక అడిగేశాను, అసలు జీవితమంతా ఈ పేర్ల గోల ఎందుకు పెట్టుకున్నారని. ఆయన దుప్పటిలోంచి మొహం బయటికి పెట్టారు.

"హమ్మాదీ పేరు ఎందుకు చెప్తాను? విన్నవాడు రేపు వాడి కొట్టుకి వెళ్తాడని. మబ్రూకా పేరు ఎందుకు చెప్తాను? ఆవిడ ఒంటరిది, ఎవరైనా వెళ్లి నీ ఎండుద్రాక్ష బాగుందంటారని. పేరు చెప్తే ఆ మనిషికి ఏదో ఒక మంచి దక్కాలి. దక్కేది దెబ్బ అయితే ఇంక చెప్పడం దేనికి?"

ఇన్నేళ్లూ నేను చాదస్తం అనుకున్నది ఊరి మీద ప్రేమ అని అప్పుడు తెలిసింది. గుమ్మంలో రఫీకాగారు కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఈ మాట ముప్పై ఏళ్ల కిందటే చెప్పి ఉంటే తాను ఇన్నిసార్లు గరిటె ఎత్తేదాన్ని కాదు కదా అన్నారు. ఆ తరవాత సూపు తెచ్చి పెట్టారు. ఆయన తాగుతూ, దీనికి మాత్రం పొగడ్త మొత్తం రఫీకాదేనన్నారు. ఆవిడ రెండో గిన్నె కూడా తెచ్చారు.

పేపరు అచ్చయింది. జుహైర్ ఉద్యోగం పర్మనెంట్ అయింది. దొర్సాఫ్ వైవాకు జుబైదాగారు ఊళ్లోవాళ్లను వ్యానులో ఎక్కించుకుని మరీ వచ్చింది. పరీక్షకులు అడగాల్సినవన్నీ అడిగి, డాక్టర్ దొర్సాఫ్ అని ప్రకటించి, సభలో ఎవరికైనా ప్రశ్నలున్నాయా అని ఆనవాయితీగా అడిగారు. ఆ మాటకు ఎవరూ ఎప్పుడూ లేవరు. జుబైదాగారు లేచింది.

"నా కొడుకులు నలుగురూ ఎక్కడ?"

హాలంతా నవ్వులు. ఫర్హాత్‌గారు వేదిక మీద ఎర్రబడ్డారు. ఆవిడ వదల్లేదు. కొడుకులన్నాక తల్లి తోటలో కోతకు రాకపోతే ఎలా అని అందరి ముందూ నిలదీసింది. వచ్చే కోతకు వస్తామని ఫర్హాత్‌గారు మాటిచ్చేదాకా కూర్చోలేదు.

నిజంగానే వెళ్లారు. నేనూ ఉస్తాదూ కూడా వెళ్లాం. కైసూ ఖమైసూ వలలు పరిచారు, జుహైర్ బుట్టలు మోశాడు. దొర్సాఫ్ నిచ్చెనెక్కి, పైకొమ్మల కాయలను చేతిదువ్వెనతో దువ్వి రాలుస్తోంది. ఫర్హాత్‌గారు కోటు విప్పి కొమ్మకు తగిలించి, ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను మాట్లాడుతున్నారు. చెట్టు నీడలో కూర్చుని టీ తాగుతున్న జుబైదాగారు గ్లాసు కింద పెట్టింది.

"నాయనా ఫర్హాత్, గట్టిగా పట్టుకో. పైనున్నది నీ చెల్లెలు."

ఫర్హాత్‌గారు ఫోను జేబులో పెట్టి, రెండు చేతులతో పట్టుకున్నారు.